కడుపు సంగతి ముందు అడగండి

నాన్నకు పార్కిన్సన్స్, కదలికలను దెబ్బతీసే నరాల జబ్బు. డాక్టరు గదిలో ఆయనను పరీక్షించే తీరు ఎప్పుడూ ఒకే క్రమంలో సాగుతుంది. బొటనవేలిని, చూపుడువేలిని వేగంగా కలిపి విడదీయమంటారు. పిడికిలి మూసి తెరవమంటారు. చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి లేవమంటారు, తలుపు దాకా నడిచి వెనక్కి తిరిగి రమ్మంటారు. అంతా అయ్యాక, చీటీ మీద మందుల పేర్లు రాస్తూ, "ఇంకేమైనా ఇబ్బంది ఉందా?" అని అడుగుతారు. నాన్న ప్రతిసారీ "ఏమీ లేదండీ" అంటారు.

ఆ రోజూ అంతే. మధ్యాహ్నం వేసుకునే మాత్ర సరిగా పట్టడం లేదని, ఒక్కోసారి రెండు గంటలు గడిచినా కాలు కదలడం లేదని నేనే చెప్పాను. డాక్టరు కాసేపు ఆలోచించి మోతాదు పెంచారు. ఏడాదిలో అలా పెంచడం అది మూడోసారి. తిరిగి వస్తూ, దారి సగం గడిచాక, కారు కిటికీలోంచి బయటికి చూస్తూ నాన్న మెల్లగా అన్నారు: "ఆరు రోజులైంది, కడుపు కదలలేదు."

నాకు కోపం వచ్చింది. ఇంతసేపూ గదిలో కూర్చుని ఆ మాట ఎందుకు చెప్పలేదని గట్టిగానే అడిగాను. "ఆయన నరాల డాక్టరు. ఆయనకెందుకు ఈ సంగతి?" అన్నారు నాన్న.

అది తప్పించుకోవడానికి అన్న మాట కాదు. ఆయన నిజంగానే అలా అనుకున్నారు. నిజం చెప్పాలంటే నేనూ అలాగే అనుకునేవాణ్ణి. వణుకు, బిగుసుకుపోవడం, నడక, ఇవి జబ్బు. మలబద్ధకం మాత్రం వయసుతో వచ్చే మామూలు బాధ, దానికి వేరే మందు, వేరే డాక్టరు. ఆ తర్వాత కొన్ని నెలలు నేను చదివినదీ, ఇంట్లో కళ్ళారా చూసినదీ ఆ అభిప్రాయాన్ని పూర్తిగా మార్చేశాయి. పార్కిన్సన్స్ ఉన్న మనిషిని చూసే డాక్టరు వేళ్ళ కదలిక కంటే ముందు కడుపు గురించి అడగాలని ఇప్పుడు నేను గట్టిగా నమ్ముతున్నాను. మందు మోతాదు మార్చే ముందు తేల్చుకోవలసిన విషయం అది. ఈ అభిప్రాయం మీద నాకే కొన్ని సందేహాలు వచ్చాయి, ఇంట్లో ఒకసారి గట్టి దెబ్బే తగిలింది. అవి కూడా రాస్తాను.

మాత్ర వెళ్ళే దారి

మెదడులోకి వెళ్ళి, కదలికలకు కావలసిన డొపమిన్ అనే రసాయనంగా మారే మందు లెవొడోపా. ఆ మాత్ర మింగిన క్షణం నుంచి గడియారం చూడడం మా ఇంట్లో అందరికీ అలవాటు. అరగంటలోనో ముప్పావు గంటలోనో నాన్న ముఖం కాస్త తేలికపడుతుంది, భుజాలు వదులవుతాయి, కాలు లేస్తుంది. అలా జరగనప్పుడు మాకు తట్టేది ఒకటే: మందు చాలడం లేదు. మాత్ర మెదడుకు చేరే ముందు ఎంత దూరం ప్రయాణించాలో మాలో ఎవరూ ఆలోచించలేదు.

లెవొడోపా జీర్ణాశయంలో రక్తంలోకి వెళ్ళదు. అది దాటి చిన్నపేగు మొదటి భాగానికి చేరాకే ఒంటికి పడుతుంది. పార్కిన్సన్స్ ఉన్న చాలామందిలో జీర్ణాశయం ఖాళీ కావడం నెమ్మదిస్తుంది. మాత్ర అక్కడే నిలబడిపోతుంది. నిలబడిన మందులో కొంత అక్కడి ఎంజైముల వల్ల డొపమిన్‌గా మారిపోతుంది. అలా మారినది మెదడులోకి పోలేదు, పైగా వికారం పుట్టిస్తుంది. ఆ మార్పును అడ్డుకోవడానికే మాత్రలో కార్బిడోపా కలుపుతారు, కానీ అది నష్టాన్ని తగ్గిస్తుందే తప్ప నిలిచిపోయిన మాత్రను ముందుకు తోయలేదు. ఒక్కోసారి ఉదయం మాత్రా మధ్యాహ్నం మాత్రా కలిసి ఒకేసారి కిందికి జారితే, రెండు గంటలు రాయిలా కూర్చున్న మనిషికి ఆ తర్వాత ఒళ్ళంతా తన ప్రమేయం లేకుండా మెలికలు తిరగవచ్చు. మోతాదు పెంచిన వారంలో నాన్నకు సరిగ్గా అదే జరిగింది.

చిన్నపేగుకు చేరాక ఇంకో పోటీ ఉంది. లెవొడోపా స్వతహాగా ఒక అమైనో ఆమ్లం. భోజనంలోని మాంసకృత్తులు అరిగితే వచ్చే అమైనో ఆమ్లాలు కూడా పేగు గోడలోని అవే ద్వారాల గుండా లోపలికి పోవాలి; రక్తం నుంచి మెదడులోకి వెళ్ళే చోట కూడా అదే రద్దీ. అందుకే మాత్రను భోజనానికి కనీసం అరగంట ముందో, తిన్న గంట తర్వాతో వేసుకోమంటారు. ఈ మాట మొదటి రోజు చీటీ మీద ఉంది. మేమే పాటించలేదు. ఖాళీ కడుపుతో వేసుకుంటే వికారంగా ఉందని నాన్న అంటే, అమ్మ జాలిపడి భోజనం మధ్యలో ఇచ్చేది. అమ్మను తప్పుపట్టలేను. ఎందుకు అలా వేసుకోవాలో మాకు ఎవరూ విడమరచి చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. జీర్ణాశయం మందగించడం వేరు, పెద్దపేగు మందగించడం వేరు. ఆరు రోజులు విరేచనం కాకపోవడం వల్లే మధ్యాహ్నం మాత్ర పట్టలేదని నేను తేల్చి చెప్పడం లేదు. కానీ రెండింటికీ మూలం చాలావరకు ఒకటే కావచ్చు. గొంతు నుంచి మలద్వారం దాకా ఉన్న గొట్టానికి సొంత నాడీ వ్యవస్థ ఉంది, కోట్ల సంఖ్యలో నాడీకణాలున్నాయి. మెదడు కణాల్లో పేరుకుపోయే ఆల్ఫా సైన్యూక్లీన్ అనే ప్రొటీనే ఆ కణాల్లోనూ పేరుకుంటుంది. కింది భాగం కదలడం లేదని తెలిస్తే, పై భాగం ఎలా ఉందో అడగాలన్న ఆలోచన డాక్టరుకు వస్తుంది. తిన్న కాసేపటికే కడుపు నిండిపోతోందా, ఉబ్బరంగా ఉందా, మాత్ర వేసుకున్నాక తేన్పులు వస్తున్నాయా? ఈ జవాబులు దొరికాక మోతాదు పెంచాలా, వేళ మార్చాలా అన్నది వేరే ప్రశ్న అవుతుంది. జీర్ణాశయాన్ని పూర్తిగా తప్పించి, పొట్ట మీద నుంచి అమర్చిన గొట్టం ద్వారా లెవొడోపా జెల్‌ను నేరుగా చిన్నపేగులోకి పంపే చికిత్స ఉందంటేనే, ఈ దారిలో ఎంత మందు దారితప్పుతోందో వైద్యులకు తెలుసన్నమాట.

ఒకసారి చేసిన పొరపాటు ఇక్కడే చెప్పాలి, ఎవరికైనా ఉపయోగపడవచ్చు. ఒక రాత్రి నాన్నకు వాంతులు ఆగకపోతే దగ్గరలోని ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అత్యవసర విభాగంలో వాంతులు తగ్గడానికి మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. వాంతులు తగ్గాయి. మర్నాడు నాన్న మంచం మీద పక్కకు కూడా ఒత్తిగిల్లలేకపోయారు. ఆ మందు మెదడులో డొపమిన్ పనిని అడ్డుకుంటుంది. పార్కిన్సన్స్ ఉన్నవారికి ఇవ్వకూడని మందుల్లో అది ముందుంటుంది, ప్రోక్లోర్‌పెరజిన్ కూడా అంతే. మెదడులోకి అంతగా చేరని డోంపెరిడోన్‌ను, గుండె లయను గమనించుకుంటూ, డాక్టర్లు వాడతారు. మేము ఆ రాత్రి పార్కిన్సన్స్ అన్న మాట చెప్పాం. అయినా వాంతులు చూసేవారి మనసులో వాంతులే ఉన్నాయి, నరాల సంగతి లేదు. నరాలు చూసేవారికి కడుపు గుర్తుండదు, కడుపు చూసేవారికి నరాలు గుర్తుండవు. మధ్యలో నలిగిపోయింది మా నాన్న. అప్పటి నుంచి ఆ రెండు మందుల పేర్లు రాసిన కాగితం ఆయన పర్సులో ఉంటోంది.

రెండు వందల ఏళ్ళ క్రితమే రాసిన మాట

1817లో లండన్‌లో జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బు గురించి చిన్న పుస్తకం రాశారు. ఆరుగురిని చూసి రాశారు. వారిలో కొందరు ఆయనకు వీధిలో ఎదురైనవారే. ఆ పుస్తకంలో వణుకు, ముందుకు వంగి పరుగులాంటి నడక ఉన్నాయని అందరికీ తెలుసు. కానీ అందులోనే పేగులు మందగించడం గురించి, బలమైన విరేచనకారి మందులు కావలసి రావడం గురించి, ఒక్కోసారి మలాన్ని బయటి సాయంతో తీయవలసి రావడం గురించి కూడా ఉంది. మింగడం కష్టమవడం, చొంగ కారడం కూడా ఉన్నాయి. అంటే జబ్బును మొట్టమొదట వర్ణించిన మనిషి చేతినీ చూశారు, కడుపునూ చూశారు. ఆ తర్వాత వైద్యం ఈ జబ్బును కదలికల రుగ్మతల గదిలో పెట్టింది. చూడగలిగిన దానికి కొలతలు వచ్చాయి, చెప్పుకోవలసినది వెనక్కి పోయింది.

నిజానికి ఆ ప్రశ్నలు లేవని కాదు. ఈ జబ్బు తీవ్రతను కొలవడానికి ప్రపంచమంతా వాడే ఎండీఎస్-యూపీడీఆర్ఎస్ పద్ధతిలో మలబద్ధకం గురించి ఒక ప్రశ్న మొదటి భాగంలోనే ఉంది. 2006లో వచ్చిన 30 ప్రశ్నల పట్టిక ఒకటుంది, కదలికలతో సంబంధం లేని లక్షణాల కోసమే తయారుచేసినది. దాని తొలి 7 ప్రశ్నల్లో చొంగ, రుచి, మింగడం, వాంతి, మలబద్ధకం, మలం ఆపుకోలేకపోవడం, పూర్తిగా ఖాళీ కాలేదన్న భావన, అన్నీ ఉన్నాయి. ఆ పట్టిక చేసినవారికి విషయం తెలుసు. కానీ రోజువారీ సంప్రదింపుల్లో ఆ కాగితం బల్ల మీదికి వచ్చేది ఎన్నిసార్లు?

ఇంకో పట్టిక నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. పార్కిన్సన్స్ ఉన్నవారి జీవన నాణ్యతను కొలిచే 39 ప్రశ్నల పట్టిక అది. బొత్తాలు పెట్టుకోగలుగుతున్నారా, రాయగలుగుతున్నారా, నిరాశగా ఉందా అని ఓపికగా అడుగుతుంది. మలబద్ధకం గురించి ఒక్క ప్రశ్న లేదు. అయితే నలుగురిలో తినడం, తాగడం తప్పించుకుంటున్నారా అన్న ప్రశ్న ఉంది. అది చదివినప్పుడు పుస్తకం పక్కన పెట్టి చాలాసేపు కూర్చున్నాను.

ఎందుకంటే నాన్న రెండేళ్ళుగా ఎవరింటికీ భోజనానికి రావడం లేదు. చేతి వణుకు నలుగురూ చూస్తారని సిగ్గుపడుతున్నారని మేం అనుకున్నాం. బరువైన చెంచా తెచ్చాం, అంచు ఎత్తుగా ఉన్న పళ్ళెం తెచ్చాం. ఆయన అవి వాడారు, ఇంట్లో మాత్రమే. అసలు కారణాలు ఈ మధ్యనే, ఒక్కొక్కటిగా తెలిశాయి. నీళ్ళు తాగితే దగ్గు వస్తుందేమోనని భయం. మాట్లాడుతుంటే పెదవి చివర చొంగ జారుతుందేమోనని భయం. కడుపు రాయిలా ఉండి రెండు ముద్దలకే చాలనిపిస్తుంది, ఇంకొంచెం పెట్టుకోమని అందరూ బలవంతం చేస్తారు. అన్నిటికంటే, నాలుగు రోజులు కదలని కడుపు మందు వేసుకున్న రోజున ఎప్పుడు కదులుతుందో తెలియదు. తెలియని ఇంట్లో, బిగుసుకున్న కాళ్ళతో, మరుగుదొడ్డి దాకా సమయానికి వెళ్ళగలనా అన్న భయం. మేము ఇన్నాళ్ళూ చెంచాలు మారుస్తూ వచ్చాం.

చొంగ సంగతి ఒక మాట. లాలాజలం ఎక్కువగా ఊరుతోందని మేం అనుకున్నాం. చాలామందిలో ఊరేది ఎక్కువేమీ కాదు, తెలియకుండానే మింగే అలవాటు తగ్గిపోతుంది. మింగడంలో తడబాటును తేలిగ్గా తీసుకోకూడదు కూడా. ఆహారం ఊపిరితిత్తుల్లోకి జారి వచ్చే న్యుమోనియా ఈ జబ్బు ముదిరినవారి మరణానికి ప్రధాన కారణాల్లో ఒకటి. ఒక్కోసారి దగ్గు కూడా రాకుండానే జారిపోతుంది. మాట, మింగడం నేర్పే థెరపిస్టును ఆలస్యం చేయకుండా కలవాలి.

ఎందుకు చెప్పరు

బాధను కడుపులో దాచుకోవడం అంటాం. ఈ జబ్బులో అది అక్షరాలా జరుగుతుంది. తెలుగులో ఈ విషయం చెప్పడానికి మనకు హాయిగా పలికే మాట కూడా సరిగా లేదు. విరేచనం అంటే ఒక అర్థం, విరేచనాలు అంటే దానికి సరిగ్గా వ్యతిరేకమైన బాధ. నాన్న ఒకసారి ఫోనులో బంధువైన డాక్టరుతో "విరేచనాల ఇబ్బంది" అన్నారు. ఆయన విరేచనాలు కట్టడానికి మందు చెప్పబోతుంటే నేను ఫోను తీసుకున్నాను. పెద్దవాళ్ళు ఇంకా మర్యాదగా "బయటికి" అంటారు, "కడుపు బాగాలేదు" అంటారు. విన్నవారికి ఏ బాధో అర్థం కాదు. చెప్పడానికే ఇంత ఇబ్బంది ఉన్న విషయాన్ని "ఇంకేమైనా ఉందా" అన్న ప్రశ్నకు జవాబుగా ఎవరు చెబుతారు? పేరు పెట్టి అడగాలి. వారంలో ఎన్నిసార్లు అవుతోంది, ఎంతసేపు ముక్కాల్సి వస్తోంది, మలం గట్టిగా ఉందా అని సూటిగా అడిగితే, నాన్నే చక్కగా జవాబు చెబుతారని తర్వాత చూశాను. సూటిగా అడిగినప్పుడు సిగ్గు భారం అడిగినవారే మోస్తారు.

డాక్టర్లకు సమయం లేదన్నది న్యాయమైన అభ్యంతరమే. బయట నలభై మంది కూర్చుని ఉంటే ఆయన ఏం చేస్తారు? కానీ మా విషయంలో లెక్క వేసి చూడండి. మూడుసార్లు మోతాదు పెంచడం, దానివల్ల వచ్చిన మెలికలు, వాంతులు, అత్యవసర విభాగం, మళ్ళీ సంప్రదింపు. అడగనందుకు పోయిన సమయం అంతా ఎవరిదో ఒకరిది. వేళ్ళ పరీక్షలో ఒక నిమిషం తగ్గించి అయినా ఈ ప్రశ్నకు ఇవ్వవచ్చని నేను అంటాను.

నాన్న అడిగిన ప్రశ్న

కారులో ఆ మాట విన్నాక నేను ఊరుకోలేదు. ఒక నోటుపుస్తకం పెట్టాను. తేదీ, మాత్రల వేళలు, తాగిన నీళ్ళు, విరేచనం అయిందా లేదా. రోజూ ఉదయం నాన్న గదిలోకి వెళ్ళి అడిగి రాసుకునేవాణ్ణి. రెండు వారాలు శ్రద్ధగా నడిచింది. నాకు ఏదో సాధిస్తున్నట్టు ఉండేది.

పదిహేనో రోజో పదహారో రోజో, నేను అడగబోతుంటే నాన్న అన్నారు: "పొద్దున్నే నా ముఖం చూసి నువ్వు అడిగే మొదటి మాట ఇదేనా?"

ఆ రోజంతా నాకు ఏ పనీ తోచలేదు. నా అభిప్రాయానికి ఇంతకంటే బలమైన అభ్యంతరం ఏ వైద్యుడూ చెప్పలేదు. ముందు అడగాలి, ముందు అడగాలి అంటూ నేను ఇంటిని ఆసుపత్రి చేసేశాను. రాత్రి నిద్ర పట్టిందా అని అడగడం మానేశాను. పేపరులో ఏం చదివారని అడగడం మానేశాను. కదలికలు ఒక్కొక్కటీ చేజారుతున్న మనిషికి మిగిలిన కొద్దిపాటి ఏకాంతం ఆ గదిలోపల ఉంది. నేను దాని తలుపు కూడా తీసి, లోపల ఏం జరిగిందో పుస్తకంలో రాసుకుంటున్నాను. అమ్మ ఇంకో మాట అంది: "అయిందని అబద్ధం చెప్పే పరిస్థితి ఆయనకు తీసుకురాకు." నిజంగానే రెండు మూడు రోజులు అలా చెప్పారట, నేను బాధపడతానని.

అందుకే నా వాదనను కొంత మార్చుకున్నాను. డాక్టరు గదిలో అది మొదటి ప్రశ్న కావాలి. ఇంట్లో కాకూడదు. ఇంట్లో ఆ సంగతి ఎవరిదో వారి చేతిలో ఉండాలి. నోటుపుస్తకం నాన్నకు ఇచ్చేశాను. అక్షరాలు చిన్నవైపోయి తనకే చదవరాకుండా పోతున్నాయి కాబట్టి, గోడ మీది క్యాలెండరులో ఆ రోజు గడిలో ఒక చుక్క పెడతారు. మూడు గడులు వరుసగా ఖాళీగా ఉంటే డాక్టరు రాసిచ్చిన మందు పరిమాణం తానే పెంచుకుంటారు. నేను క్యాలెండరు వైపు చూస్తాను, అడగను. ఇది అందరికీ కుదరదని తెలుసు. జ్ఞాపకశక్తి తగ్గినవారి ఇంట్లో ఎవరో ఒకరు అడగక తప్పదు. అక్కడ కూడా రోజులో మొదటి మాట అది కాకుండా చూసుకోవచ్చు.

పేగుల మీద కొత్త మోజు

రెండో సందేహం వేరే వైపు నుంచి వచ్చింది. ఈ మధ్య ఎక్కడ చూసినా జబ్బు పేగుల్లోనే మొదలవుతుందని, పేగులు శుభ్రం చేసుకుంటే నయమవుతుందని చెప్పేవారు పెరిగారు. కడుపు గురించి నేను మాట్లాడితే ఆ గుంపులో కలుస్తానేమోనని వెనకాడాను.

వెనక ఉన్న పరిశోధన తీసిపారేసేది కాదు. 2003లో జర్మనీకి చెందిన హైకో బ్రాక్, ఆయన సహచరులు ఈ జబ్బు పేగుల నాడుల్లో మొదలై, పేగులను మెదడుతో కలిపే వేగస్ నాడి గుండా పైకి పాకుతుందేమోనని ప్రతిపాదించారు. అంతకు ముందే, 2001లో, హవాయిలో జపాన్ సంతతికి చెందిన 6,790 మంది పురుషుల మీద జరిగిన అధ్యయనం వెలువడింది. రోజుకు ఒక్కసారి కూడా విరేచనం కానివారికి, రోజూ ఒకసారి అయ్యేవారికంటే పార్కిన్సన్స్ వచ్చే అవకాశం 2.7 రెట్లు ఎక్కువగా కనిపించింది. డెన్మార్క్‌లో పూర్వం కడుపు పుండ్లకు చికిత్సగా వేగస్ నాడి కాండాన్ని పూర్తిగా కోయించుకున్నవారిలో ఈ జబ్బు తక్కువగా కనిపించిందని 2015లో ఒక అధ్యయనం చెప్పింది. అలా కోయించుకున్నవారిలోనూ జబ్బు వచ్చినవారున్నారు. అందరిలోనూ పేగుల్లోనే మొదలవుతుందన్న మాటకు ఇప్పటికీ ఒప్పుదల లేదు. కొందరిలో మెదడులోనే మొదలవుతుందని వాదించే శాస్త్రవేత్తలూ ఉన్నారు.

హవాయి అంకె చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాన్నకు నలభైల్లోనే మలబద్ధకం ఉండేది. వణుకు కనబడింది అరవై మూడులో. ఇరవై ఏళ్ళ ముందే శరీరం చెబుతుంటే మేం వినలేదా? తర్వాత అదే అధ్యయనాన్ని మళ్ళీ నిదానంగా చదివాను. 24 ఏళ్ళు గమనిస్తే ఆ 6,790 మందిలో జబ్బు వచ్చింది 96 మందికి. మలబద్ధకం ఉన్నవారిలో అత్యధికులకు ఈ జబ్బు ఎప్పటికీ రాదు. ముందే తెలిసినా, జబ్బును ఆపే మందు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఇది చదువుతున్నవారిలో ఎవరైనా నాలాగే తమ ఇంట్లోవారి గతాన్ని తవ్వుకుంటుంటే, దయచేసి ఆపండి.

పేగులు బాగుచేస్తే పార్కిన్సన్స్ పోతుందని అమ్మేవారి మీద మాత్రం నాకు దయ లేదు. ఒక పరిచయస్తురాలు వారి మాట విని భర్తకు మాంసకృత్తులు దాదాపు పూర్తిగా మాన్పించారు. మందు బాగా పట్టింది, నిజమే. నాలుగు నెలల్లో ఆయన కండ కరిగిపోయి కుర్చీలోంచి లేవలేకపోయారు. మాంసకృత్తులను రాత్రి భోజనానికి జరపడం ఒక పద్ధతి, అది కూడా డాక్టరు, ఆహార నిపుణులు చూసి చెప్పాలి, మాన్పించడం ప్రమాదం. ఈ జబ్బులో అసలే బరువు తగ్గుతారు. పేగుల్లోని సూక్ష్మజీవుల సంగతి కూడా అంతే. ఎంటెరోకాకస్ ఫీకాలిస్ అనే బ్యాక్టీరియా లెవొడోపాను దారిలోనే డొపమిన్‌గా మార్చేయగలదని 2019లో చూపించారు. ఆసక్తికరమైన విషయం, రేపు దీని నుంచి మంచి మందు రావచ్చు. మలేసియాలో 4 వారాల పాటు మేలుచేసే సూక్ష్మజీవుల క్యాప్సూళ్ళు ఇచ్చి చూస్తే మలబద్ధకం తగ్గిందని 2021లో వెలువడింది. తగ్గింది మలబద్ధకం, పార్కిన్సన్స్ కాదు. నాకైతే అది చిన్న లాభంగా అనిపించదు.

మాకు పనికొచ్చినవి

గొప్ప రహస్యాలేమీ లేవు. మొదట డాక్టరు మందుల చీటీ మొత్తం తిరగేశారు. చొంగకూ వణుకుకూ ఎప్పుడో మొదలుపెట్టిన ట్రైహెక్సీఫెనిడిల్ పేగులను ఇంకా మందగింపజేస్తోందని మెల్లగా తగ్గించి తీసేశారు. ఇనుము మాత్ర లెవొడోపాతో కలిసి పోకుండా వేళ మార్చారు. మలాన్ని మెత్తబరచడానికి రోజూ నీళ్ళలో కలుపుకునే మాక్రోగోల్ పొడి రాశారు. పీచు పెంచమన్నారు, నీళ్ళు పెంచాకే. నీళ్ళు లేకుండా పీచు పెంచితే మొదటి వారం నాన్నకు ఉబ్బరం రెట్టింపైంది. ఉదయం తిన్న అరగంటకు, పేగులు సహజంగా కదిలే వేళ, తొందర లేకుండా కూర్చోవడం. పాదాల కింద చిన్న పీట. ఇది నేను నమ్మలేదు, కానీ మోకాళ్ళు ఎత్తుగా ఉంటే తేడా ఉందని నాన్నే చెప్పారు. ఈ జబ్బులో మలద్వారం చుట్టూ ఉన్న కండరం వదులు కావలసిన సమయంలో బిగుసుకుంటుందట, చేతి కండరం లాగే. అప్పుడు విరేచనకారి మందులు పెంచినంత మాత్రాన చాలదు, ఆ కండరానికి వ్యాయామం నేర్పేవారు కావాలి. కడుపు హఠాత్తుగా ఉబ్బి, నొప్పి వచ్చి, గాలి కూడా పోకుండా వాంతులైతే ఇంటి వైద్యం చేయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

మూడు నెలల తర్వాత డాక్టరే పెంచిన మోతాదును ఒక మెట్టు వెనక్కి తీసుకున్నారు. పేగులు కదలడం వల్లా, మాత్రను భోజనానికి ముందుకు జరపడం వల్లా, పాత మందు తీసేయడం వల్లా, ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను. ఒక్క మనిషి అనుభవం అందరికీ రుజువు కాదు. కానీ ఈ మూడింటిలో ఏ ఒక్కటీ వేళ్ళ పరీక్షలో దొరికేది కాదు.

వణుకు అలాగే ఉంది. నడక మునుపటి కంటే నెమ్మదించింది కూడా. గత నెల మాత్రం మా చిన్నాన్న గారింట్లో భోజనానికి వస్తానని నాన్న తనంతట తాను అన్నారు. ముందురోజు క్యాలెండరు దగ్గర నిలబడి గడులు చూసుకోవడం గమనించాను, పలకరించలేదు. అక్కడికి వెళ్ళగానే చిన్నాన్నను పక్కకు పిలిచి మరుగుదొడ్డి ఎటు వైపో అడిగి తెలుసుకున్నారు. కొంచెం కొంచెంగా, మధ్యలో ఆగి, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగుతూ, అందరి తర్వాత లేచారు. ఇంకొంచెం వడ్డించబోతే "చాలు, నా కడుపు నెమ్మది" అని అందరి ముందూ మామూలు గొంతుతో చెప్పారు.

డాక్టరును కలవడానికి ఇంకా అయిదు వారాలుంది. ఈసారి గదిలోకి వెళ్ళగానే, ఆయన చేయి చాపమనే లోపే, క్యాలెండరు కాగితాలు బల్ల మీద పెడతానంటున్నారు నాన్న.